నాగసాకికి విడిగా ఉత్తర్వు లేదు

1945 జులై 25న వాషింగ్టన్‌లో ఒక ఉత్తర్వు తయారైంది. సంతకం జనరల్ థామస్ హ్యాండీది. అందుకోవలసింది పసిఫిక్‌లో అమెరికా బాంబర్లను నడిపే జనరల్ కార్ల్ స్పాట్జ్. ఆగస్టు 3 దాటాక, ఆకాశం తేటపడి లక్ష్యం కంటికి కనబడే రోజున, హిరోషిమా, కొకురా, నీగాటా, నాగసాకిల్లో ఏదో ఒకదాని మీద మొదటి ‘ప్రత్యేక బాంబు’, అంటే అణుబాంబు, వేయమని అందులో ఉంది. దాని కిందే ఇంకో చిన్న అంశం ఉంది. ప్రాజెక్టు సిబ్బంది తయారు చేసి ఇచ్చిన కొద్దీ మిగతా బాంబుల్ని కూడా ఇవే ఊళ్ళ మీద వేయాలి.

నాగసాకికి ఉన్న ఉత్తర్వు అంతే. ఆ రెండో అంశమే. హిరోషిమాలో ఏం జరిగిందో చూసి, జపాన్ ఏమంటుందో విని, రెండోది వేద్దామా వద్దా అని వాషింగ్టన్‌లో ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. రెండో బాంబు అసలు ఆగస్టు 11న అనుకున్నారు. వాతావరణం పాడయ్యేలా ఉందని తెలిసి బాంబర్లు బయల్దేరే టినియన్ దీవిలో ఉన్నవాళ్ళే 9వ తేదీకి జరిపేశారు. ఆ పొద్దున విమానం ముందు కొకురా మీదికి వెళ్ళింది. కింద ఏమీ కనబడలేదు. అక్కడినుంచి నాగసాకికి తిరిగింది. ఆ ఏడాది చివరికి చనిపోయినవాళ్ళ లెక్క దాదాపు 70 వేలు.

నేను నిర్మాణ రంగంలో ప్లానింగ్ ఇంజనీర్‌ని. ఏ సరుకు ఎప్పుడు దిగుతుంది, దిగగానే ఏ పనికి పంపాలి అని షెడ్యూళ్ళు వేయడమే నా ఉద్యోగం. అందుకే ఆ రెండో అంశం నన్ను వదలడం లేదు. అది అచ్చంగా షెడ్యూలు రాసే పద్ధతి. నేను చెప్పదలచుకున్నది కూడా దాన్ని పట్టుకునే. అణుబాంబు గురించి మనం ఎప్పుడు వాదించుకున్నా 1945 ఆగస్టు దగ్గర మొదలుపెడతాం. వేయడం తప్పా ఒప్పా, వేయకపోతే ఇంకెంతమంది చచ్చిపోయేవాళ్ళు అంటాం. స్కూళ్ళలో వక్తృత్వ పోటీలు పెట్టినా అదే అంశం. అప్పటికి చాలా ఆలస్యమైపోయింది. అడగాల్సిన ప్రశ్న 1944 నవంబరుది. ఏ కారణం చూపించి ఆ పని మొదలుపెట్టారో ఆ కారణం పోయాక, పని ఎందుకు ఆగలేదు?

మొదలుపెట్టినవాళ్ళను నేను తప్పుపట్టలేను. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఆటో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియం మీద న్యూట్రాన్లు ప్రయోగించి అది చీలుతోందని కనిపెట్టారు. అలా ఎందుకవుతోందో లెక్కగట్టి చెప్పిన లీజె మైట్నర్ అప్పటికే నాజీల బారినుంచి తప్పించుకుని స్వీడన్ చేరిన యూదు వనిత. హిట్లర్ చేతికి ఇలాంటిది వస్తే ఏమవుతుందో ఆ కాందిశీకులకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? 1939 ఆగస్టు 2 తేదీతో ఐన్‌స్టీన్ సంతకం పెట్టి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి పంపిన ఉత్తరం వెనక ఉన్నది ఆ భయమే. దాన్ని రాయించిన లియో జిలార్డ్ కూడా కాందిశీకుడే.

1940 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఇంకో ఇద్దరు కాందిశీకులు, ఫ్రిష్, పయర్ల్స్, యురేనియంలో తేలిగ్గా చీలే రకమైన యురేనియం 235తో బాంబు సాధ్యమేనని కొన్ని పేజీల్లో లెక్కవేసి చూపించారు. అంతవరకే అయితే అది మంచి భౌతికశాస్త్రం. కానీ వాళ్ళు అక్కడితో ఆగలేదు. రేడియోధార్మిక పదార్థం గాలికి కొట్టుకుపోతుంది కాబట్టి మామూలు జనం పెద్ద సంఖ్యలో చావకుండా ఈ బాంబును వాడటం కుదరదనీ, అందువల్ల ఇది బ్రిటన్ వాడదగ్గ ఆయుధం కాకపోవచ్చనీ కూడా అందులోనే రాశారు. జర్మనీ దగ్గర ఉంటే, దాన్ని నిలువరించడానికి మన దగ్గరా ఉండాలన్నది వాళ్ళ ఉద్దేశం. అంటే బాంబు కాగితం మీద పుట్టిన రోజునే దాని సంగతంతా తెలుసు. తెలియక జరిగింది అనే మాట ఈ కథలో ఎక్కడా చెల్లదు.

తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. 1942 సెప్టెంబరులో జనరల్ లెస్లీ గ్రోవ్స్ చేతికి బాంబు తయారుచేసే మాన్‌హట్టన్ ప్రాజెక్టు వచ్చింది. డిసెంబరు 2న షికాగోలో ఎన్రికో ఫెర్మీ బృందం మొదటి గొలుసు చర్యను, అంటే ఒక పరమాణువు చీలి ఇంకొన్నిటిని చీల్చుకుంటూ పోవడాన్ని, నడిపించింది. న్యూ మెక్సికో గుట్టల మీద బాంబును రూపొందించే లాస్ అలమాస్ ల్యాబు వెలిసింది. అంతగా ఎవరూ చెప్పుకోని సంగతి ఒకటుంది. 1943 మే 5న ప్రాజెక్టు పెద్దలు బాంబును ఎక్కడ వాడితే బాగుంటుందని మొదటిసారి మాట్లాడుకున్నారు. అప్పుడు వచ్చిన పేరు జర్మనీలో ఏ ఊరిదీ కాదు. పసిఫిక్‌లో ట్రక్ అనే దీవుల రేవు దగ్గర ఆగి ఉండే జపాన్ నౌకాదళం. పేలకపోతే లోతు నీళ్ళలో పడిపోతుంది, ఒకవేళ దొరికినా దాన్ని చూసి జర్మన్లు నేర్చుకోగలిగినంత జపాన్‌వాళ్ళు నేర్చుకోలేరు అని లెక్క. లాస్ అలమాస్‌లో కుర్ర శాస్త్రవేత్తలు హిట్లర్‌తో పరుగుపందెం అనుకుని రాత్రింబవళ్ళు పనిచేస్తుంటే పైవాళ్ళ చూపు అప్పటికే వేరే దిక్కున ఉంది.

1944 నవంబరులో స్ట్రాస్‌బర్గ్ మిత్ర సైన్యాల చేతికి వచ్చింది. జర్మన్ల అణు పరిశోధన ఎంతదూరం వచ్చిందో కనిపెట్టే బృందానికి శాస్త్రవేత్తగా ఉన్న శామ్యూల్ గౌడ్స్‌మిట్ అక్కడ దొరికిన కాగితాలన్నీ చదివాడు. జర్మన్ భౌతికశాస్త్రవేత్త వైట్సకర్ కాగితాలు వాటిలో ఉన్నాయి. జర్మనీ దగ్గర బాంబు లేదు, దరిదాపుల్లో కూడా లేదు అని తేలిపోయింది. గౌడ్స్‌మిట్ అమ్మానాన్నలు ఆష్విట్జ్‌లో చనిపోయారు. జర్మనీ మీద పగ పెట్టుకోవడానికి ఆయనకన్నా హక్కున్నవాళ్ళు తక్కువ. ఆయనే తోటి అధికారితో, వాళ్ళ దగ్గర లేదు కాబట్టి మనది వాడే పని తప్పిందని సంతోషంగా అన్నాడు. మన దగ్గరుంటే మనం వాడతాం అని జవాబొచ్చింది.

ఆ నెలలోనే ఆపి ఉండొచ్చు. కనీసం కూర్చుని మళ్ళీ ఆలోచించి ఉండొచ్చు.

జోసెఫ్ రాట్‌బ్లాట్ అనే ఒక్క మనిషి ఆ పని చేశాడు. పోలండ్‌వాడు, లివర్‌పూల్‌నుంచి బ్రిటిష్ బృందంతో లాస్ అలమాస్ వచ్చాడు. భార్య టోలా వార్సాలో చిక్కుకుపోయింది, మళ్ళీ కనబడలేదు. 1944 మార్చిలో ఒక రాత్రి భోజనాల దగ్గర, ఈ బాంబు అసలు ఉద్దేశం రష్యాను లొంగదీయడమే అని గ్రోవ్స్ అనగా విన్నానని రాట్‌బ్లాట్ తర్వాత రాశాడు. జర్మనీ బాంబు చేయడం లేదని తెలియగానే నేను వెళ్ళిపోతానన్నాడు. వెంటనే అతను గూఢచారి అని అనుమానించారు. అసలు కారణం తోటివాళ్ళకు చెప్పకూడదన్న షరతు మీద పంపించారు. 1944 డిసెంబరు చివర్లో వెళ్ళిపోయాడు. న్యూయార్క్ వెళ్ళే రైల్లో అతని కాగితాల పెట్టె మాయమైంది. మనస్సాక్షి కారణంగా ప్రాజెక్టును వదిలేసిన శాస్త్రవేత్తగా చరిత్రలో ఆయన పేరు ఒక్కటే వినబడుతుంది.

మిగతావాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. రాబర్ట్ విల్సన్ అనే యువ శాస్త్రవేత్త, ఈ బాంబు నాగరికతను ఏం చేస్తుందో మాట్లాడుకుందాం రండి అని అక్కడే నోటీసులు అంటించి సభ పెట్టాడు. వద్దని నచ్చజెప్పిన ల్యాబు డైరెక్టరు ఓపెన్‌హైమర్ తనూ ఆ సభకు వచ్చాడు. ఐక్యరాజ్యసమితి ఏర్పడేలోపు ఇలాంటి ఆయుధం ఉందని లోకానికి తెలియాలి, లేకపోతే తర్వాతి యుద్ధం వీటితోనే జరుగుతుంది అని వాదించాడు. అందరూ ఒప్పుకున్నారు. తిరిగి ల్యాబులకు వెళ్ళిపోయారు. జర్మనీ లొంగిపోయిన రోజున ఎందుకు లేచి వెళ్ళిపోలేదో అని విల్సన్ ముసలితనంలో బాధపడ్డాడు. 1954లో ప్రభుత్వం తనమీద జరిపిన విచారణలో ఓపెన్‌హైమర్ చెప్పింది ఇంకా కలవరపెడుతుంది. జర్మనీ లొంగిపోయాకనే తాము అన్నిటికన్నా ఎక్కువ వేగంగా పనిచేశామని చెప్పాడు.

ఎందుకని? నా అనుభవంలోంచి ఒక చిన్న పోలిక చెప్తాను. నేను పనిచేసిన ఒకచోట పంపుహౌస్ కడుతుండగా, దానికి నీళ్ళు రావలసిన కాలువ దారి మార్చేశారు. ఆ సంగతి సైట్‌లో అందరికీ తెలుసు. పంపుహౌస్ మాత్రం పూర్తయింది, గడువుకన్నా ముందే. పని ఆపితే అప్పటిదాకా పెట్టిన ఖర్చుకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. పూర్తిచేస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు.

మాన్‌హట్టన్ ప్రాజెక్టు ఖర్చు దాదాపు 200 కోట్ల డాలర్లు, ఆనాటి డాలర్లు. బాంబు అంటే మనకు లాస్ అలమాస్, నల్లబల్ల, టోపీ పెట్టుకున్న ఓపెన్‌హైమర్ గుర్తొస్తాయి కానీ డబ్బులో ఎక్కువ భాగం పోయింది టెనెస్సీలో ఓక్ రిడ్జ్, వాషింగ్టన్ రాష్ట్రంలో హాన్‌ఫర్డ్ ఫ్యాక్టరీలకు. యుద్ధంలో రాగి దొరక్క, ఓక్ రిడ్జ్‌లో యురేనియం రకాలను (ఐసోటోపులను) వేరుచేసే అయస్కాంతాల చుట్లకోసం ప్రభుత్వ ఖజానాలోంచి 13 వేల టన్నులకు పైగా వెండి అరువు తెచ్చారు. అక్కడ డయళ్ళ ముందు కూర్చున్న ఆడపిల్లల్లో చాలామంది హైస్కూలు అయిపోయి వచ్చినవాళ్ళు. ముల్లు ఈ గీత దాటకుండా చూసుకో అన్నదే వాళ్ళకు తెలిసిన విద్య. లక్ష మందికి పైగా పనిచేసిన ఈ వ్యవహారం అమెరికా పార్లమెంటులో దాదాపు ఎవరికీ తెలియదు. 1945 మార్చి 3న యుద్ధ సమీకరణ కార్యాలయం అధిపతి జేమ్స్ బర్న్స్ రూజ్‌వెల్ట్‌కి ఒక నోటు పెట్టాడు. ఖర్చు 200 కోట్లకు చేరుతోంది, ఫలితం వస్తుందన్న గ్యారంటీ లేదు, విఫలమైతే విచారణలు, విమర్శలు తప్పవు అని. జర్మనీ మాట, జపాన్ మాట కాదు ఆయన్ని భయపెట్టింది. లెక్క అప్పజెప్పాల్సి వస్తుందన్న టెన్షన్. ఆ బర్న్సే కొద్ది వారాలకు కొత్త అధ్యక్షుడు ట్రూమన్‌కి ఈ విషయంలో ముఖ్య సలహాదారు.

యూరప్‌లో యుద్ధం ముగిసి మూడు రోజులు కాకముందే, మే 10, 11 తేదీల్లో, ఓపెన్‌హైమర్ ఆఫీసులో లక్ష్యాల కమిటీ కూర్చుంది. ఆ సమావేశపు రికార్డు నేను చాలాసార్లు చదివాను. ఎంత ఎత్తులో పేల్చాలి, వాతావరణం ఎలా ఉండాలి, విమానం బాంబుతోనే వెనక్కి దిగాల్సి వస్తే ఏం చేయాలి, అన్నీ వరసగా ఉన్నాయి. హిరోషిమా గురించి ఏముందంటే, చుట్టూ కొండలున్నాయి, పేలుడు తాకిడి వాటికి తగిలి ఊరిమీదే కేంద్రీకరించి నష్టం బాగా పెరగొచ్చు, నదులున్నాయి కాబట్టి నిప్పు పెట్టే దాడికి మాత్రం అంత పనికిరాదు. మే 31న యుద్ధశాఖ మంత్రి స్టిమ్సన్ అధ్యక్షతన ఇంకో కమిటీ కూర్చుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ అక్కడ ఒక సూచన చేశాడు. ఎక్కువమంది కార్మికులు పనిచేసే ముఖ్యమైన ఆయుధాల ఫ్యాక్టరీ, దాని చుట్టూ దగ్గర దగ్గరగా కార్మికుల ఇళ్ళు ఉన్న చోటు లక్ష్యంగా బాగుంటుందని. మంత్రి ఒప్పుకున్నాడు.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. ఫ్యాక్టరీ పేరు చెప్పుకుని ఇళ్ళ మీద వేశారు. నిజంగా జరిగింది చూస్తే ఆ ఫ్యాక్టరీ సాకు కూడా మిగలదు. హిరోషిమాలో పెద్ద ఫ్యాక్టరీలు ఊరి అంచున ఉన్నాయి, అవి చాలావరకు నిలబడ్డాయి. గురిపెట్టింది ఊరి నడిబొడ్డున ఉన్న అయోయి వంతెన మీద. ఆగస్టు 6 పొద్దున 8:15కి బాంబు దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది. కింద ఉన్నది ఒక ఆసుపత్రి. ఆ సమయానికి ఊళ్ళో వేలమంది పిల్లలు, పన్నెండు పదమూడేళ్ళవాళ్ళు, ఆరుబయట ఎండలో పనిచేస్తున్నారు. మామూలు బాంబుదాడులు జరిగితే మంటలు పాకకుండా ఇళ్ళు పడగొట్టి ఖాళీ దారులు చేయాలి, పడగొట్టిన ఇళ్ళ పెంకులూ చెక్కలూ మోసే పని వీళ్ళది. ఏడున్నరకి ప్రమాదం తప్పిందని సైరన్ మోగింది కాబట్టి పనిలోకి దిగారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఇంటికి తిరిగి వెళ్ళలేదు.

ఓపెన్‌హైమర్ గీత చదివాడు, సంస్కృతం నేర్చుకున్నాడు అని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. మొదటి అణుబాంబును పేల్చి చూసిన ట్రినిటీ పరీక్ష గుర్తుచేసుకుంటూ 1965లో టీవీలో ఆయన చెప్పిన మాట, విశ్వరూప సందర్శన యోగంలోని ‘కాలోఽస్మి లోకక్షయకృత్’, ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. మా తాతగారి దగ్గర కూర్చుని ఆ అధ్యాయం కంఠస్థం చేసినవాణ్ణి నేను. ఆ వెంటనే వచ్చే శ్లోకంలో ‘నిమిత్తమాత్రం భవ సవ్యసాచిన్’ అని ఉంది. జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది, నువ్వు నిమిత్తమాత్రుడివి అని. అణుబాంబు కథకి ఈ శ్లోకాలు తగిలించడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. కురుక్షేత్రంలో అర్జునుడికి ఎదురుగా నిలబడ్డది ఆయుధాలు పట్టిన సైన్యం. పెంకులు ఏరుతున్న పిల్లలు కాదు.

భారతంలోంచే ఈ సందర్భానికి ఏదైనా తెచ్చుకోవాలంటే నేను సౌప్తిక పర్వం తెచ్చుకుంటాను. నిద్రపోతున్నవాళ్ళను చంపి వచ్చిన అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రం వేస్తాడు, అర్జునుడూ వేస్తాడు. వ్యాసుడూ నారదుడూ మధ్యలో నిలబడి వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడు ఉపసంహరిస్తాడు. అశ్వత్థామకు వేయడమే తెలుసు, వెనక్కి తీసుకోవడం చేతకాదు. ఆ అస్త్రం పాండవుల ఆడవాళ్ళ గర్భాల మీదికి పోతుంది.

ఇక్కడ ఒక ఎదురువాదం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అప్పటి జపాన్ సైన్యం అంటే ఏమిటో తెలుగువాళ్ళకు పుస్తకాల్లోంచి తెలియాల్సిన పని లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసింది వాళ్ళే. రంగూన్‌లో కూలి చేసుకునే మనవాళ్ళు వేలమంది ఆ ఏడాది అడవుల్లో పడి నడిచొచ్చారు, దారిలో ఎంతోమంది పోయారు. మలయా తోటలనుంచి తమిళులతోపాటు తెలుగువాళ్ళనూ సయాం–బర్మా రైలుమార్గం పనికి తోలుకెళ్ళి చంపారు. చైనాలో జరిగింది చెప్పనే అక్కర్లేదు. యుద్ధం ఇంకొక్క నెల సాగినా ఆసియా అంతటా ఇంకెంతోమంది చచ్చిపోయేవాళ్ళు. అమెరికా సైన్యం నవంబరులో జపాన్‌లో దిగి ఉంటే రెండువైపులా ఘోరం జరిగేది. ఇవన్నీ నిజం.

కానీ ఈ వాదన ఒప్పుకోవాలంటే, ఇవన్నీ తూకం వేసి ఎవరో ఒకరు నిర్ణయం తీసుకుని ఉండాలి. తేదీలు చూస్తే అలా కనబడదు. లొంగిపోండి, లేకపోతే సర్వనాశనమే అని జపాన్‌కి పోట్స్‌డామ్ హెచ్చరిక ఇచ్చింది జులై 26న. బాంబులు వేయమన్న ఉత్తర్వు 25నే వెళ్ళిపోయింది. చక్రవర్తిని ఉండనిస్తామన్న మాట ఆ హెచ్చరిక ముసాయిదాలో ఉండేది, అచ్చయ్యేటప్పటికి తీసేశారు. బాంబును అలా వాడొద్దని జూన్‌లో షికాగో శాస్త్రవేత్తలు ఇచ్చిన ఫ్రాంక్ నివేదికను పక్కన పెట్టారు. జులై 17న జిలార్డ్ 70 సంతకాలతో పెట్టిన విజ్ఞప్తి అధ్యక్షుడిదాకా చేరనే లేదు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం గ్రోవ్స్‌దే. ట్రూమన్ నిర్ణయం అంటే అడ్డుపడకపోవడమే, అప్పటికే ఉన్న ఏర్పాట్లను చెదరగొట్టకుండా ఉండటమే అని తర్వాత ఆయనే రాశాడు. యుద్ధం బాంబు వల్ల ఆగిందా, ఆగస్టు 9న సోవియట్ సైన్యం మంచూరియాలో దిగడం వల్ల ఆగిందా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. వాళ్ళు ఏది తేల్చినా నా ప్రశ్న మారదు.

ఎందుకంటే ఆపడం సాధ్యమేనని ఆగస్టు 10న రుజువైంది. ఆ రోజు గ్రోవ్స్ సైన్యాధిపతి జార్జ్ మార్షల్‌కి ఒక నోటు పంపాడు. పని అనుకున్నదానికన్నా ముందుంది, ఆగస్టు 17, 18 తర్వాత వాతావరణం అనుకూలించిన మొదటి రోజుకి ఇంకో బాంబు సిద్ధం అని. మళ్ళీ అదే షెడ్యూలు భాష. మార్షల్ ఆ కాగితం మీదే తన చేత్తో రాశాడు: అధ్యక్షుడి స్పష్టమైన ఆజ్ఞ లేకుండా దీన్ని జపాన్ మీద వేయకూడదు. ఇంకో లక్షమందిని చంపడమన్న తలపే భయంకరంగా ఉంది, ఆ పిల్లలందరినీ చంపడం తనకిష్టం లేదు అని ట్రూమన్ ఆ రోజు మంత్రివర్గ సమావేశంలో అన్నట్టు వాణిజ్యశాఖ మంత్రి హెన్రీ వాలెస్ డైరీలో ఉంది. పేజీ అడుగున ఒక్క వాక్యం. 200 కోట్ల డాలర్లు, రెండు పెద్ద ఫ్యాక్టరీలు, లక్షమంది పనివాళ్ళు, అన్నీ ఆ ఒక్క వాక్యానికి ఆగాయి. నవంబరులోనో, మే నెలలోనో, పోనీ ఆగస్టు 7న అయినా ఆ వాక్యం ఎవరో ఒకరు రాయొచ్చు కదా?

ఆ మూడో బాంబుకని చేసిన ప్లుటోనియం గుండు లాస్ అలమాస్‌లోనే ఉండిపోయింది. 1945 ఆగస్టు 21న దానితో ప్రయోగం చేస్తుండగా శాస్త్రవేత్త హ్యారీ డాగ్లియన్ చేతిలోంచి ఒక ఇటుక జారి దానిమీద పడి, గొలుసు చర్య రేగింది. నెల తిరక్కుండా రేడియేషన్ దెబ్బకి చనిపోయాడు. 1946 మే 21న అదే గుండు దగ్గర లూయీ స్లోటిన్ చేతిలో స్క్రూడ్రైవర్ జారింది, తొమ్మిది రోజుల్లో పోయాడు. న్యూ మెక్సికోలో 1945 జులై 16న జరిపిన ట్రినిటీ పరీక్ష చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ముందు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. మందుగుండు గిడ్డంగి పేలిందని పేపర్లలో వేయించారు. తొట్లలో పట్టుకున్న వాన నీళ్ళు తాగే జనం వాళ్ళు. రేడియేషన్ బాధితులకు పరిహారం ఇచ్చే చట్టం 1990లో వచ్చినా వాళ్ళను అందులో కలపలేదు. 2025 జులైలో కలిపారు. 80 ఏళ్ళు పట్టింది.

రాట్‌బ్లాట్ రేడియేషన్‌ను వైద్యానికి వాడే పనిలోకి మారాడు. అణ్వాయుధాలను వ్యతిరేకించే శాస్త్రవేత్తల్ని 1957నుంచి పగ్‌వాష్ సమావేశాలకు పోగుచేశాడు. 1995లో ఆ సంస్థకూ ఆయనకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. లాస్ అలమాస్ మూతపడలేదు. జపాన్‌తో యుద్ధమూ ముగిసింది కదా, ఇక దేనికి అన్న ప్రశ్న అప్పుడూ గట్టిగా ఎవరూ అడగలేదు. ఇప్పుడు ప్రపంచంలో దాదాపు 12 వేల అణ్వాయుధాలున్నాయి.

వాటిలో కొన్ని మనవి. సరిహద్దులో కాల్పులు మొదలైన ప్రతిసారీ, ఒక్కటి వేస్తే పీడా పోతుంది కదా అని నాకు తెలిసినవాళ్ళే, చదువుకున్నవాళ్ళే, వాట్సాప్‌లో రాస్తుంటారు. 2003 జనవరిలో మన ప్రభుత్వం ప్రకటించిన విధానంలో, మనం ముందుగా అణ్వాయుధం వాడం, వాడాలన్న ఆజ్ఞ ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలి మాత్రమే ఇవ్వగలదు అని ఉంది. 2019 ఆగస్టులో అప్పటి రక్షణమంత్రి పోఖ్రాన్‌లో నిలబడి, ముందుగా వాడం అన్నది ఇప్పటిదాకా మన విధానం, ముందు ముందు ఏమవుతుందన్నది పరిస్థితులను బట్టి ఉంటుందన్నారు. ‘ముందుగా వాడం’ అన్న మాట బలహీనత అనీ, దాన్ని తీసేయాలనీ అనేవాళ్ళు అప్పటినుంచి పెరిగారు. నేను వాళ్ళతో వాదిస్తున్నాను, ఇక ముందూ వాదిస్తాను. మార్షల్ రెండు ఊళ్ళు కాలిపోయాక చేత్తో రాసిన వాక్యం లాంటిది మన దగ్గర ముందే రాసిపెట్టి ఉంది. దాన్ని కొట్టేయాలనేవాళ్ళు ఎందుకో పార్లమెంటులో నిలబడి చెప్పాలి.